శిక్షణ లేని భయం

విజయభేరి న్యాయ కళాశాలలో ఆ ఏడాది ఉద్యోగాల మేళా ఘనంగా జరిగింది. బెజవాడ నుంచి, హైదరాబాదు నుంచి కంపెనీల వాళ్ళు కార్లలో దిగారు. మధ్యాహ్నం దాకా పిల్లల్ని ప్రశ్నలడిగి, పులిహోరా గారెలూ తిని, కాలేజీ వాళ్ళు కప్పిన శాలువాలు మడతపెట్టి డిక్కీల్లో పడేసుకుని, ఒక్కరికి కూడా ఉద్యోగం ఇవ్వకుండా వెళ్ళిపోయారు. అడిగినవి పెద్ద ప్రశ్నలు కూడా కావు. ఇచ్చిన చెక్కు చెల్లకపోతే ఏం చెయ్యాలి, అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చెయ్యనంటే నోటీసు ఎలా ఇవ్వాలి, అలాంటివి. మన పిల్లలు చాలామంది నేల చూపులు చూశారు.

ఇంకో కాలేజీ అయితే పిల్లలకి కాస్త చట్టం నేర్పితే బాగుండునేమోనని కంగారు పడేది. విజయభేరి అలాంటి తొందరపాటు పనులు చెయ్యదు. విచారణ సంఘం వేసింది. సంఘానికి అధ్యక్షుడు ప్రిన్సిపాల్ నరహరిగారు. సభ్యులుగా ఎవరూ దొరక్కపోవడంతో ఆ భారం కూడా ఆయనే మోశారు. వారం తిరక్కుండా నివేదిక నోటీసు బోర్డు ఎక్కింది.

"అభ్యర్థులు సమాధానము తెలియనందున విఫలులైరనుట సమంజసము కాదు. సమాధానము తెలియదను సంగతి బయటపడినందున మాత్రమే విఫలులైరి. స్వరము తగ్గుట, చూపు నేలకు వాలుట, 'తెలియదండి' అను నిరాశాజనక పదమును ఉచ్చరించుట ఇందుకు ప్రధాన హేతువులు. కావున లోపము విద్యాబోధనలో లేదు. ఆత్మవిశ్వాసములో కలదు."

కాలేజీ యజమాని గోవర్ధనరావుగారిని అందరూ కరస్పాండెంటు గారు అంటారు. రొయ్యల మేత వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసుకుని, ఆ తర్వాత చదువుల వైపు వచ్చిన మనిషి. ఆయన నివేదిక చదివి బల్ల గుద్దాడు. "నేను మొదట్నించీ ఇదేగా మొత్తుకునేది! రొయ్యకి మేత నచ్చక్కర్లేదు. రైతుకి నమ్మకం కుదిరితే చాలు" అన్నాడు. నరహరిగారు ఆ మాటను మినిట్సులో రాయించారు.

ఆ నివేదికను నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఆసాంతం చదివిన విద్యార్థి ఒక్కతే. పేరు తాళ్ళూరి సువార్త. అయిదేళ్ళ కోర్సులో ఆఖరి ఏడాది చదువుతోంది. నాన్న పేరు ప్రకాశం. ఊళ్ళోని జిల్లా కోర్టు గేటు ముందు ఆటో నడుపుతాడు. రోజంతా నల్లకోట్లను ఎక్కించుకుని దింపుతాడు కనక, అలాంటి కోటు ఒకటి తన ఇంట్లో మేకుకి వేలాడాలని ఆయన ఆశ. సువార్త కోరిక అంతకంటే పెద్దదేమీ కాదు. డిగ్రీ చేతికి రావాలి, బార్ కౌన్సిల్లో పేరు నమోదు కావాలి, ఎవరో ఒక ప్లీడరు దగ్గర జూనియర్‌గా చేరి పని నేర్చుకోవాలి. ఆ డిగ్రీ కోసమే ఆ ఇంట్లో అయిదేళ్ళుగా మిగతా కోరికలన్నీ వాయిదా పడుతున్నాయి.

కానీ ఆ పిల్లకి ఒక జబ్బు ఉంది. ఏదైనా అడిగితే పుస్తకం తీసి చూస్తుంది. చూడందే చెప్పదు. పైగా చెప్పేటప్పుడు గొంతు సన్నగా వణుకుతుంది. మేళాలో చెక్కు ప్రశ్న అడిగితే సగం సరిగ్గా చెప్పి, "గడువు సంగతి ఒకసారి సెక్షన్ చూసి చెబుతానండి" అంది. ఆ కంపెనీ ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

నెల తిరిగేసరికి కాలేజీలో ఆత్మవిశ్వాస కేంద్రం వెలిసింది. దానికి డైరెక్టరుగా జయసింహ అనే ఆయన వచ్చాడు. అంతకుముందు ఆయన ఊరూరా తిరిగి నీళ్ళు శుద్ధిచేసే మిషన్లు అమ్మేవాడు. గోడల నిండా నిలువుటద్దాలు బిగించిన హాల్లో, మొదటి రోజునే తన అనుభవసారమంతా పిల్లల ముందు పరిచాడు.

"'నీళ్ళు శుభ్రమవుతాయా?' అని అడిగేవారు కస్టమర్లు. 'అవుతాయి' అనేవాణ్ణి. ఒక్క క్షణం ఆలోచించేవాణ్ణి కాదు. ఆలోచించామా, పోయాం! ఇక శుభ్రమయ్యేవా అంటారా, అది వేరే సబ్జెక్టు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. జయసింహ వేలు వెనక వరసలో ఉన్న సువార్త మీదికి తిరిగింది.

"అమ్మాయ్, లే. నీకో హత్య కేసు ఇచ్చారు. గెలుస్తావా?"

"చార్జిషీటు చూడాలండి."

"అది లేదనుకో."

"చార్జిషీటు లేకపోతే అసలు కేసే నడవదండి."

హాలంతా ఘొల్లుమంది. జయసింహ జాలిగా తల ఊపి, ఆమె పేరు పక్కన సున్నా వేశాడు. ఆత్మవిశ్వాస ధ్రువపత్రం లేనివాళ్ళు మళ్ళీ జరగబోయే మేళాలో అడుగుపెట్టరాదని అప్పటికే నోటీసు వచ్చి ఉంది.

ఆ తర్వాత నిషిద్ధ పదాల నోటీసు వచ్చింది. 'తెలియదు', 'బహుశా', 'అనుకుంటాను', 'చూసి చెబుతాను' అనే మాటలు కళాశాల ప్రాంగణంలో వినబడరాదు. అన్నిటికంటే కింద లావు అక్షరాలతో ఇంకో మాట ఉంది. 'వాయిదా'. ఈ నిషేధం మీద నరహరిగారు స్వయంగా ప్రసంగించారు.

"వాయిదా అనగా నేమి? న్యాయవాది తన సన్నద్ధతా రాహిత్యమును తానే న్యాయస్థానము ఎదుట బహిరంగముగా అంగీకరించుట. విజయభేరి విద్యార్థి జీవితకాలమున ఒక్క వాయిదా కూడా కోరరాదు. ఇది మన కళాశాల నినాదము."

వాయిదా అడగని ప్లీడరు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. కాగితం అందకపోతే వాయిదా, సాక్షి రాకపోతే వాయిదా, కక్షిదారు ఏమంటాడో కనుక్కోవాలంటే వాయిదా. కోర్టు అనే ఇంటికి అది గుమ్మం లాంటిది. విజయభేరి వారు ఆ గుమ్మాన్ని ఇటుకలతో మూసి, పిల్లల్ని గోడలోంచి నడిచి వెళ్ళమన్నారు. పిల్లలు కూడా నడవడానికి సిద్ధపడ్డారు.

ఉత్తుత్తి కోర్టు పోటీలు కొత్త పద్ధతిలో జరిగాయి. వాది తరఫు వాళ్ళూ ప్రతివాది తరఫు వాళ్ళూ ఎవరికీ తీసిపోకుండా అరిచారు కనక ఇరుపక్షాలూ గెలిచినట్టు ప్రకటించారు. ఓడిపోయింది జడ్జి వేషం వేసిన కుర్రాడు. వాదనలు విన్నాక "తీర్పు రేపు చెబుతాను" అన్నందుకు వాడికి మార్కులు కోశారు. ఆలోచించుకోవడానికి రాత్రంతా కావలసినవాడు జడ్జిగా ఎలా పనికొస్తాడని జయసింహ నిలదీశాడు.

అంతా బాగానే ఉంది గానీ పిల్లలు అప్పుడప్పుడు లైబ్రరీ వైపు వెళుతున్నట్టు కేంద్రం దృష్టికి వచ్చింది. పుస్తకం తెరవడమంటే తన మీద తనకు నమ్మకం లేదని ఒప్పుకోవడమే కదా. ఆ వారంలోనే లైబ్రరీకి తాళం పడింది. లైబ్రేరియన్ పద్మావతిగారిని కేంద్రం వాళ్ళ టైలూ బ్యాడ్జీలూ అమ్మే కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆవిడ అద్దాలు సర్దుకుంటూ, "ఇరవయ్యేళ్ళు పుస్తకాలకి నంబర్లేశానమ్మా, ఇప్పుడు టైలకి వేస్తన్నా" అంది సువార్తతో. ఆ మాటకి సువార్తకి ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే మార్కులు పోతాయని వీధిలోకి వచ్చి ఏడ్చింది.

ఇక శనివారాలు పేదలకు ఉచిత న్యాయ సలహా ఇచ్చే ఆనవాయితీ ఒకటి ఉండేది. దానికి పెద్దగా ఉన్నది విక్రాంత్. కిందటేడే ఇదే కాలేజీలో పాసై, ప్లీడరుగా పేరు నమోదు చేయించుకుని, జయసింహకి కుడిభుజంగా చేరినవాడు. ఆరడుగుల మనిషి, ఖంగుమనే గొంతు. ఆత్మవిశ్వాస రత్న అని బిరుదు కూడా ఇచ్చారు. ఒక శనివారం పూలమ్ముకునే మాణిక్యమ్మ అనే ఆవిడ వచ్చి, మునిసిపాలిటీ వాళ్ళు తన తోపుడుబండి ఎత్తుకుపోయారని మొరపెట్టుకుంది. ఆమె మాట పూర్తికాకుండానే విక్రాంత్ సలహా వచ్చేసింది.

"హేబియస్ కార్పస్ వేద్దాం. మీ బండిని తీసుకొచ్చి కోర్టులో నిలబెట్టాల్సిందే!"

అది మనిషిని అక్రమంగా నిర్బంధిస్తే వేసే పిటిషను. బండిని నిర్బంధిస్తే వేసేది కాదు. కానీ చెప్పిన తీరు ఎంత దిట్టంగా ఉందంటే చుట్టూ ఉన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మాణిక్యమ్మ మాత్రం బెదురుగా చూస్తూ సువార్త దగ్గరికి జరిగింది.

"ఆ బాబు ఏటంటన్నాడో నాకేం తెలవట్లేదమ్మా."

"వాళ్ళు మీకేమన్నా చీటీ ఇచ్చారా పిన్నీ? ముందుగా నోటీసు ఇచ్చారా?"

"చీటీ ఇంటికాడుందమ్మా."

"అది తీసుకురండి. చూసి చెప్తాను."

"అలాగే తల్లీ. ఇంతమంది మాటాడారు గానీ ఏం జరిగిందని నువ్వొక్కదానివే అడిగావు."

నిషిద్ధ పదం వాడినందుకు సువార్త పేరు పక్కన మరో సున్నా పడింది. మాణిక్యమ్మ చీటీ తెచ్చింది. జిల్లా కోర్టు దగ్గర పాత పుస్తకాలమ్మే కొట్లో నిలబడి సువార్త మునిసిపల్ చట్టం తిరగేసింది. అర్జీ రాసిచ్చింది. బండి తిరిగొచ్చింది. దానికి మార్కుల్లేవు.

ఇలా ఆత్మవిశ్వాసం పొంగి పొర్లుతున్న రోజుల్లోనే విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ సంఘం వచ్చింది. పరీక్షలు రాసి ఆఖరి ఏడాది పిల్లలు ఫలితాల కోసం చూస్తున్నారు. సంఘం పెద్దాయన లైబ్రరీ చూస్తానన్నాడు. తాళానికి తుప్పు పట్టింది.

"ఇందులో పుస్తకాలెన్ని ఉన్నాయండీ?" అనడిగాడాయన.

"అపారము" అన్నారు నరహరిగారు, రెప్పయినా వెయ్యకుండా.

"దీన్ని ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు?"

"నిరంతరము."

సంఘం వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పక్షం రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. లైబ్రరీ లేని న్యాయ కళాశాలకు గుర్తింపు రద్దు. ఆఖరి ఏడాది ఫలితాల నిలిపివేత.

సువార్త ఆ ఉత్తర్వు చదివి మెట్ల మీద కూలబడింది. ఫలితం రాకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే బార్ కౌన్సిల్ గడప తొక్కేది లేదు. అయిదేళ్ళు గాలికి పోయినట్టే. ఇంట్లో చెబితే ప్రకాశం అన్నం ముందునుంచి లేచిపోయాడు.

"కాలేజీ వోళ్ళు ఏదోటి చేత్తార్లేమ్మా. అంత పెద్ద పెద్దోళ్ళు" అన్నాడు కాసేపటికి.

పెద్దవాళ్ళు చేశారు. హైకోర్టులో పిటిషను వేశారు. ఏదైనా పేరున్న సీనియర్ ప్లీడరుని పెట్టుకుందామని ఆఫీసు సూపరింటెండెంటు నసిగితే కరస్పాండెంటు గారు మండిపడ్డాడు.

"మన సరుకు మీద మనకే నమ్మకం లేకపోతే కొనేవాడికేం ఉంటదయ్యా? విక్రాంతే వాదిస్తాడు. బస్సు కట్టించండి. పిల్లలందర్నీ తీసుకెళ్ళి చూపిద్దాం."

అలా ఆఖరి ఏడాది పిల్లలంతా, ముందు పూలదండ, వెనక బ్యానరు కట్టిన బస్సులో హైకోర్టుకి బయల్దేరారు. దారి పొడుగునా జయసింహ నినాదాలిప్పించాడు. కేసు కాగితాల కట్ట మోసే పని సువార్తకి పడింది, మార్కులు లేనివాళ్ళకి బరువు పనులు చెప్పడం కేంద్రం పద్ధతి కనక. ఒళ్ళో పెట్టుకున్న కట్ట విప్పి ఆ పిల్ల అలవాటు కొద్దీ చదివింది. చదివేసరికి చెమటలు పట్టాయి. తనిఖీ సంఘం నివేదికకి జవాబుగా కాలేజీ తరఫున ఒక్క కాగితం లేదు. లైబ్రరీ ఫొటో లేదు, పుస్తకాల పట్టిక లేదు, తెరిచి చూపిస్తామన్న హామీ లేదు. అసలు ఆ నివేదికే జత చెయ్యలేదు. ముందు సీట్లో ఉన్న విక్రాంత్ భుజం తట్టింది.

"అన్నా, ఇందులో రిపోర్టు లేదు. ఇవాళ వాయిదా అడిగి అన్నీ జతచేద్దాం అన్నా."

విక్రాంత్ బూతుమాట విన్నట్టు వెనక్కి తిరిగాడు. "ఏం మాటలవి? సార్ వింటే బస్సులోంచి దింపేస్తారు నిన్ను."

హైకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులో నడిచింది. మనం తెలుగులో చెప్పుకుందాం. జడ్జిగారు పెద్దవయసు మనిషి, నెమ్మదస్తుడు. పిటిషను అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైనుంచి విక్రాంత్‌ని చూశారు.

"తనిఖీ నివేదిక జత చెయ్యలేదేం?"

"అవసరం లేదు మై లార్డ్."

"అందులో ఏముందో చూడకుండా నేను ఉత్తర్వు తప్పని ఎలా చెప్పను? దాఖలు చెయ్యడానికి రెండు వారాలు తీసుకోండి."

"అక్కర్లేదు మై లార్డ్. మేం పూర్తి సిద్ధంగా ఉన్నాం."

కోర్టులో పక్క బెంచీల ప్లీడర్లు తలలెత్తారు. జడ్జే పిలిచి వాయిదా ఇస్తుంటే వద్దనే ప్లీడరుని వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు. అవతల విశ్వవిద్యాలయం తరఫు ప్లీడరు కూడా జాలిపడి, తనకేం అభ్యంతరం లేదని లేచి చెప్పాడు.

"మీ లైబ్రరీకి తాళం ఉందని ఉత్తర్వులో రాశారు. నిజమేనా?" అన్నారు జడ్జిగారు.

"నిజమే మై లార్డ్. మా విద్యార్థులకు పుస్తకాల అవసరం లేదు."

"ఏమిటీ?"

"మా విద్యార్థులు పుస్తకాల మీద ఆధారపడరు మై లార్డ్!"

వెనక వరసలో కరస్పాండెంటు గారు ఉప్పొంగిపోయి నరహరిగారి తొడ మీద చరిచాడు. జడ్జిగారు నిట్టూర్చారు. "బాబూ, మీరు కుర్రవాళ్ళు. కక్షిదారుని కనుక్కుని చెబుతాననండి. ఒక వారం టైమిస్తాను. అదన్నా అడగండి."

"అడగం మై లార్డ్. ఇప్పుడే తేల్చండి."

జడ్జిగారు ఇంకేం చేస్తారు? స్టెనో వైపు తిరిగారు. "పిటిషనరు తరఫున వాదనలు విన్నాను. పిటిషనులో..."

ఆ తర్వాతి మాట ఏమిటో సువార్తకి తెలుసు. ఆ మాట బయటికొస్తే తన చదువు అయిపోయినట్టే. కాళ్ళు గజగజలాడాయి. మాట్లాడే హక్కు తనకి లేదనీ తెలుసు. అయినా లేచి నిలబడింది.

"అయ్యా, వాయిదా ఇప్పించండి!"

ఇంగ్లీషు గుర్తు రాలేదు. తెలుగే వచ్చింది. కోర్టు ఉలిక్కిపడింది. బంట్రోతు ఆమె వైపు పరిగెత్తాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు.

"ఎవరమ్మా నువ్వు? ప్లీడరువా?"

"కాదండి."

"మరి ఎవరి తరఫున అడుగుతున్నావు?"

ఆమె చేతిలో కాగితాల కట్ట టపటపా కొట్టుకుంటోంది. "ఎవరి తరఫునా కాదండి. ఆ ఆగిపోయిన ఫలితాల్లో నాదొకటండి. మా కాలేజీ కాగితాలు పెట్టలేదండి. పుస్తకాలైతే లోపల ఉన్నాయండి. నేను చదివానండి. తాళం తీస్తే చాలండి." అంతవరకూ చెప్పి ఏడ్చేసింది.

జడ్జిగారు పిటిషను మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. తర్వాత స్టెనోకి చెప్పిన మాటలు ఇవి. నివేదిక, దానికి జవాబు దాఖలు చెయ్యడానికి రెండు వారాలు గడువు. ఈలోగా లైబ్రరీ తెరిచి, తెరిచినట్టు ప్రిన్సిపాల్ ప్రమాణపత్రం ఇవ్వాలి. విద్యార్థుల ఫలితాలను ఆపరాదు. ఆ పైన విక్రాంత్‌తో, "వాయిదా మీరు అడిగినట్టే రాస్తున్నాను. కాదనకండి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో సువార్త పక్కన ఎవరూ కూర్చోలేదు. మర్నాడే నోటీసు వచ్చింది. ఉన్నత న్యాయస్థానమునందు బహిరంగముగా వణికి, నిషిద్ధ పదమును ఉచ్చరించి, కన్నీరు కార్చి, సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినందుకు చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను. సువార్త దానికి సంజాయిషీ రాస్తూ ఉండగానే పత్రికల్లో వార్త పడింది. అయిదేళ్ళ చదువు కోసం హైకోర్టులో గొంతెత్తిన ఆటోడ్రైవరు కూతురని ఫొటోతో సహా వేశారు.

కరస్పాండెంటు గారు పేపరు పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకొచ్చాడు. "ఈ పిల్ల మనదేనా?"

"అవునండి. ఆమెపై క్రమశిక్షణా చర్య ప్రక్రియలో ఉన్నది."

"చర్యేంటయ్యా, ఫ్లెక్సీ వేయించు!"

సాయంత్రానికల్లా బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ లేచింది. ఏడుస్తున్న సువార్త ఫొటోలో కన్నీళ్ళు కంప్యూటర్లో తుడిచేసి, కింద 'భయమంటే ఎరుగని విజయభేరి బిడ్డ' అని రాశారు. ప్రకాశం ఆ దారిన పోతూ ఆటో ఆపి చూశాడు. మొహం తన కూతురిదే గానీ ఎవరో వేరే పిల్లలా ఉందని అనుకున్నాడు.

సన్మానసభ కూడా పెట్టారు. ఫలితాలు అప్పటికే వచ్చి సువార్త మంచి మార్కులతో పాసయింది. వేదిక మీద శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. జయసింహ చెవిలో, "భయం వెయ్యలేదని చెప్పు. కేంద్రం వల్లేనని చెప్పు" అని గుసగుసలాడాడు. సువార్త అబద్ధం చెప్పడానికి ప్రయత్నించింది కూడా. నోరు తిరగలేదు.

"నాకు చాలా భయం వేసిందండి. భయం వేసింది కాబట్టే లేచాను. విక్రాంత్ అన్నకి భయం లేదు కాబట్టి వాయిదా వద్దన్నాడు" అంది.

విక్రాంత్ పళ్ళు నూరాడు. కానీ నరహరిగారి మెదడు ఇలాంటి సమయాల్లోనే చురుగ్గా పనిచేస్తుంది. వందన సమర్పణలో ఆయన గంభీరంగా సెలవిచ్చారు.

"మన విద్యార్థిని ఒక మహత్తర సత్యమును ఆవిష్కరించినది. ఇంతకాలము మనము ఆత్మవిశ్వాసమును బోధించుచు, న్యాయవాద వృత్తిలో భయము నిర్వహించు పాత్రను విస్మరించితిమి. ఈ లోపమును సత్వరమే సరిదిద్దవలసి ఉన్నది."

సరిదిద్దారు. పదిహేను రోజుల్లో ఆత్మవిశ్వాస కేంద్రం బోర్డు దించి, భయ అధ్యయన కేంద్రం బోర్డు ఎక్కించారు. డైరెక్టరు జయసింహే. అద్దాలు అవే. ఇప్పుడు పిల్లలు వాటి ముందు నిలబడి చేతులు వణికించడం సాధన చేస్తున్నారు. మోకాళ్ళు వణికితే ప్రథమ శ్రేణి, వేళ్ళు మాత్రమే వణికితే ద్వితీయ శ్రేణి. కన్నీళ్ళకి అదనపు మార్కులు. నిబ్బరంగా జవాబు చెప్పిన ఒక కుర్రాణ్ణి అహంకారి అని క్లాసులోంచి గెంటేశారు. ఉత్తుత్తి కోర్టులో ఇరుపక్షాలూ వాయిదా మాత్రమే అడిగి ఇళ్ళకి వెళ్ళిపోతున్నాయి. ఉపశిక్షకుడు విక్రాంత్ ఎంత దిట్టంగా వణికి చూపిస్తున్నాడంటే చూసినవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. లైబ్రరీ తాళం హైకోర్టు భయానికి తీశారు గానీ, వణుకు క్లాసులు పెరిగి అటు వెళ్ళడానికి ఎవరికీ తీరిక లేదు.

ఇదంతా తనకి సంబంధం లేని గొడవ అనుకుంది సువార్త. చదువు అయిపోయింది కదా. జిల్లా కోర్టులో ఒక పాత ప్లీడరు ఆమెను జూనియర్‌గా చేర్చుకుంటానన్నాడు. బార్ కౌన్సిల్లో నమోదుకి ప్రొవిజనల్ సర్టిఫికెట్టు ఒక్కటే కావాలి. దరఖాస్తు గడువు ఆ రోజుతో సరి. ప్రకాశం ఆటో గేటు బయట పెట్టుకుని కూర్చున్నాడు. సువార్త నరహరిగారి గదిలోకి వెళ్ళి అడిగింది.

"అవశ్యము ఇచ్చెదము. కాకపోతే నూతన నిబంధన ప్రకారము భయ ధ్రువపత్రము జతపరచవలసి ఉన్నది. ఆరు వారముల కోర్సు" అన్నారాయన.

"నేను హైకోర్టులో భయపడ్డాను కదండీ. ఆ కోర్సు పెట్టిందే దాన్ని చూసి కదండీ."

నరహరిగారు వాత్సల్యంగా నవ్వారు. "అది శిక్షణ లేని భయమమ్మా. మన కళాశాలలో చెల్లదు."

సువార్తకి ఒళ్ళు మండిపోయింది. అయిదేళ్ళలో మొదటిసారి ఆమెకి నిజంగా కోపం వచ్చింది. కోపం వచ్చినా గొంతు వణుకుతూనే ఉంది. ఆ గొంతుతోనే అంది.

"సరేనండి. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి."

"ఏ మాట?"

"నా భయం చెల్లదని. భయం కోర్సు చెయ్యకపోతే పాసైన పిల్లకి సర్టిఫికెట్టు ఇవ్వబోమని. మీరు రాసివ్వండి. ఆ కేసు ఇంకా హైకోర్టులోనే ఉందండి. ఇది కూడా జతచేయిస్తాను."

నరహరిగారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. వేలాది నోటీసులు రాసిన మనిషి, వందలాది నిబంధనలు పుట్టించిన మనిషి. తన పేరు కింద తన సంతకంతో ఒక జడ్జి ముందుకి వెళ్ళే కాగితం మాత్రం ఇంతవరకూ రాయలేదు. లైబ్రరీ గురించి ప్రమాణపత్రం ఇమ్మంటే దానికి కూడా సూపరింటెండెంటు చేతే సంతకం పెట్టించారు.

"అటువంటివి... రాసి ఇచ్చు సంప్రదాయము లేదమ్మా" అన్నారు.

"పోనీ కుదరదనైనా రాసివ్వండి."

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. నరహరిగారు మంచినీళ్ళు తాగారు. కరస్పాండెంటు గారికి ఫోన్ చేశారు. అవతలివైపు నుంచి "ఆ గొడవలోకి నన్ను లాగకయ్యా, ప్రిన్సిపాల్‌వి నువ్వు" అని వినబడి ఫోన్ పెట్టేసిన చప్పుడయింది. ఆయన సొరుగు లాగి ఖాళీ సర్టిఫికెట్టు తీశారు. పేరు రాశారు. సంతకం పెట్టారు. ఎర్రటి సీలు వేశారు. కోర్సు సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

బయట ఎండలో ప్రకాశం సర్టిఫికెట్టు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత కిందిదాకా చూసి కంగారు పడ్డాడు.

"ఏటమ్మా ఇది, సంతకం ఇలాగ వంకరటింకరగా ఉంది? చెల్లుద్దంటావా?"

"చెల్లుద్ది నాన్నా" అంది సువార్త, ఆటో ఎక్కి కూర్చుంటూ. "ప్రిన్సిపాల్ గారు ఇప్పుడే భయం కోర్సు పాసయ్యారు."